పంజాగుట్ట దాకా రెండో గేరులో

అమీర్‌పేటలో దిగేసరికి ఉదయం ఆరున్నర. జూన్ నెల, ముసురు. భుజాన కిట్‌బ్యాగ్, చేతిలో నల్ల ట్రంకు పెట్టె, జేబులో మూవ్‌మెంట్ ఆర్డర్. ఆర్డర్‌లో రాసిన ఇల్లు మెయిన్ రోడ్డు వెనక సందులో ఉంది. సందు మొదట్లో నిలబడి తల ఎత్తితే ఆకాశం కనిపించలేదు. అన్నీ బోర్డులే. జావా, సి ప్లస్ ప్లస్, మెయిన్‌ఫ్రేమ్, టెస్టింగ్. అంత పొద్దున్నే కుర్రాళ్లు, ఆడపిల్లలు పుస్తకాలు గుండెకు హత్తుకుని పరుగులు పెడుతున్నారు. నా ట్రంకు ఒకతని మోకాలికి తగిలింది. "జర సైడియ్యన్నా" అని మొహం కూడా చూడకుండా వెళ్లిపోయాడు.

ఇక్కడ మన వీధిలో అందరూ నన్ను ఒకటే అడుగుతారు, ఏ బోర్డర్‌లో చేశావని. చేశాను. మంచులో రెండు శీతాకాలాలు చేశాను. బంకర్‌లో ఎనిమిది మందిమి, ఒకడు పక్కకు తిరిగితే ఏడుగురూ తిరగాలి. అక్కడ చలి ఉంది, ఆకలి ఉంది, భయం ఉంది. ఒంటరితనం మాత్రం లేదు. అది నాకు అమీర్‌పేటలో దొరికింది. నవ్వకండి. సైన్యంలో నేను చేసిన అన్ని డ్యూటీల్లోకీ కష్టమైనది హైదరాబాదు నడిబొడ్డున చేసిందే.

మాది నలుగురి డిటాచ్‌మెంట్, యూనిట్‌కు దూరంగా పెట్టిన చిన్న జట్టు. అద్దెకు తీసుకున్న పాత మేడ. కమాండర్ సుబేదార్ సాబ్, హర్యానా మనిషి. ఆయన హిందీ మాటలు మీకు తెలుగులో చెబుతాను. నర్సింగ్ అసిస్టెంట్‌ది సిద్దిపేట వైపు, అతన్ని నర్సింగ్ అనే పిలిచేవాళ్లం. మెకానిక్ ఒరిస్సావాడు. నేను డ్రైవర్ని, ర్యాంకు నాయక్. మా దగ్గరున్నది ఒక్కటే బండి, ఒక్కటే పని. గోల్కొండలోనో, సికింద్రాబాద్‌లోనో మిలటరీ ఆస్పత్రికి చేతకాని కేసును ఎక్కించుకుని, పంజాగుట్టలో పెద్ద ప్రైవేటు ఆస్పత్రికి చేర్చాలి. కేసు ఉంటే పరుగు. లేకపోతే బండి కడగడం, ఆయిల్ చూడడం, సందులో పోయే జనాన్ని చూడడం.

బండి విదేశీ అంబులెన్స్. ఎవరో దానంగా ఇచ్చారట. లోపల ఊపిరి ఆడించే మిషన్, ఆక్సిజన్, అన్నీ ఉన్నాయి. క్లచ్ మాత్రం లేదు. ఆటోమేటిక్. మొదటివారం నా ఎడమకాలు లేని క్లచ్‌ను వెతుక్కుంటూనే ఉంది. డ్రైవర్ క్యాబిన్‌కూ వెనక భాగానికీ మధ్య ఇనప గోడ. మాట్లాడాలంటే స్పీకర్ ఉంది, మీట నొక్కి మాట్లాడాలి. ఇంజిన్ హోరులో అటునుంచి వచ్చే మాట సగమే వినిపించేది. పేషెంటు మొహం నాకు ఎప్పుడూ కనిపించేది కాదు. ఎక్కించేటప్పుడు పాదాలు, దించేటప్పుడు పాదాలు.

ఈ బండి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతిది మీకు అర్థం కాదు. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టండి. ఒకటి వేస్తే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా. ఆటోమేటిక్ బండిలో ఇంజిన్‌కూ గేరుబాక్సుకూ మధ్య ఉండేది అలాంటిదే, గాలికి బదులు ఆయిల్. దాన్ని టార్క్ కన్వర్టర్ అంటారు. సిగ్నల్ దగ్గర చక్రాలు ఆగినా ఇంజిన్ తన మానాన తిరుగుతూ ఉంటుంది. అందుకే క్లచ్ అక్కర్లేదు. కానీ హైవే మీద గంటల తరబడి అలా ఆయిల్ చిలుకుతూ పోతే అది కాగిపోతుంది. అందుకని వేగం అందుకోగానే లోపల ఒక ప్లేటు రెండు ఫ్యాన్లనూ కలిపి బిగిస్తుంది. దాన్నే లాక్ అంటాం. లాక్ పడ్డాక ఇంజినూ చక్రాలూ ఒకటే. బ్రేకు వేసేలోగా ఆ లాక్ వదలాలి. వదలకపోతే చక్రాలతోపాటు ఇంజినూ ఆగి చస్తుంది.

మా బండిలో ఆ లాక్ దానంతటదే పడేది, దానంతటదే వదిలేది. అయితే లోపలి వాల్వు పాతది. ఆయిల్ వేడెక్కితే అతుక్కుపోయేది. బ్రేకు నొక్కాక నాలుగైదు సెకన్లకు గానీ లాక్ వదిలేది కాదు. ఖాళీ రోడ్డు మీద అదేం పెద్ద సంగతి కాదు. పంజాగుట్ట చౌరస్తాలో ఆటోవాడు అడ్డం వచ్చినప్పుడు నాలుగు సెకన్లు ఎవడిస్తాడు?

మొదటిసారి అక్కడే ఆగింది. పట్టపగలు, చౌరస్తా నట్టనడుమ. స్టార్టర్ తిప్పగానే వెనకనుంచి స్పీకర్‌లో నర్సింగ్ కేక.

"అన్నా, మిషన్ బందైంది! జల్ది స్టార్ట్ చెయ్!"

ఇంజిన్ ఆగితే స్టార్టర్ తిప్పాలి. స్టార్టర్ తిప్పితే కరెంటు పడిపోయి ఊపిరి మిషన్ ఆగుతుంది. మిషన్‌కు సొంత బ్యాటరీ ఉంది గానీ అది ఎప్పుడో చచ్చింది. కొత్తదానికి ఇండెంట్ పెట్టాం, రాలేదు. వేడి ఇంజిన్ ఒక పట్టాన అందుకోదు. ఈలోగా చుట్టూ జనం. హైదరాబాదువాళ్ల మంచితనం సంగతి మీకు తెలీదు. బండి ఆగిందంటే చాలు, పిలవకుండానే వచ్చి తోస్తారు. కోర్సుల పిల్లలు పదిమంది బ్యాగులు వీపులకు తగిలించుకుని వెనక చేయి వేశారు.

"అన్నా, సెకండ్‌ల ఏసి క్లచ్ ఇడువు!"

"క్లచ్ లేదు భాయ్, తోస్తే స్టార్ట్ కాదు, వదిలెయ్యండి!"

ఎవరు వింటారు? తోస్తూనే ఉన్నారు. బండి కదిలింది, ఇంజిన్ మాత్రం కదల్లేదు. ట్రాఫిక్ కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చి నా కిటికీలో తల పెట్టాడు. "క్లచ్చే లేదా? గిదేం బండి ఫౌజీ భాయ్, గట్లెట్ల నడుస్తది?" అని నన్నే అడిగాడు. ఆ రోజు నర్సింగ్ చేత్తో రబ్బరు బ్యాగ్ నొక్కుతూ పేషెంటును నిలబెట్టాడు. ఆయన బతికి బయటపడ్డాడు. నా చొక్కా తడిసి ముద్దయింది.

మర్నాడు మెకానిక్ బండి కిందికి దూరాడు. లాక్‌కు వెళ్లే వైరు కోసి, పైకి లాగి, నా ఎడమచేతి దగ్గర ఒక స్విచ్ పెట్టాడు. ఇంట్లో లైటుకు పెట్టుకునేలాంటి మామూలు స్విచ్. ఇక లాక్ వేయడం, తీయడం బండి చేతిలో లేదు, నా చేతిలో ఉంది. ఊళ్లో ఎప్పుడూ ఆఫ్. హైవే ఎక్కి అరవై దాటితే ఆన్. ముందు అడ్డంకి కనబడగానే, కాలు బ్రేకు మీదకు పోకముందే మళ్లీ ఆఫ్.

ఆ స్విచ్‌తో నాకు మంచి జత కుదిరింది. అప్పుడప్పుడు జహీరాబాద్ వైపు వెళ్లి కూడా కేసు తేవాల్సి వచ్చేది. అప్పుడు రోడ్డు ఖాళీ అయితే స్విచ్ వేసేవాణ్ని. సీటు కింద చిన్న కుదుపు, ఇంజిన్ గొంతు తగ్గేది, బండి హాయిగా సాగేది. దూరంగా లారీ వెనక లైట్లు కనబడితే తీసేవాణ్ని. నెలల తరబడి మళ్లీ ఒక్కసారి కూడా బండి ఆగలేదు. ఎవరికి చెప్పుకోను? సందులో పిల్లలంతా ఉద్యోగాల గురించి, వీసాల గురించి మాట్లాడుకునేవారు. మేడ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ని. కొత్త మొహాలు వచ్చేవి, కోర్సు అయిపోగానే పోయేవి. ఆదివారం డ్యూటీ లేకపోతే చర్చికి వెళ్లేవాణ్ని. "కొత్తగా వచ్చినవాళ్లు లేచి నిలబడండి" అని పాస్టర్ గారు అడిగేవారు. పక్కనున్న పెద్దాయన నన్ను మోచేత్తో పొడిచి లేపేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవారు. నేను కొత్తవాణ్ని కాదండీ, ఆర్నెల్లుగా వస్తున్నానని చెప్పలేక నిలబడేవాణ్ని. అలా ఎన్నిసార్లు స్వాగతం చెప్పించుకున్నానో నాకే తెలీదు.

ఫిబ్రవరిలో ఇన్‌స్పెక్షన్ అన్నారు. సైన్యంలో ఇన్‌స్పెక్షన్ అంటే ఏమిటో మీకు ఎలా చెప్పను. ఇటుకలకు సున్నం, బకెట్లకు రంగు, చెట్టు నుంచి రాలిన ఆకు కూడా నేరమే. బండి ఎలా పుట్టిందో అలాగే కనబడాలి. పైనుంచి అనుమతి లేకుండా ఒక్క స్క్రూ కూడా ఎక్కువ ఉండకూడదు. సుబేదార్ సాబ్ క్యాబిన్‌లోకి తొంగి చూసి స్విచ్ మీద వేలు పెట్టాడు.

"ఇదేమిటి?"

"లాక్ స్విచ్ సాబ్. ఇది లేకపోతే బండి సిగ్నల్‌లో ఆగిపోతుంది."

"దీనికి శాంక్షన్ ఉందా?"

"లేదు సాబ్."

"తీసెయ్యి. ఇన్‌స్పెక్షన్ అయ్యాక మళ్లీ పెట్టుకో. రెండ్రోజుల్లో ఏమీ మునిగిపోదు."

ఆయన చెడ్డవాడు కాదు. ఇంకో సుబేదార్ అయినా అదే అనేవాడు. మెకానిక్ స్విచ్ పీకి, వైరు ఎప్పటిలా కలిపి, కన్నానికి పుట్టీ పెట్టి రంగు వేశాడు. మర్నాడు తెల్లవారుజామునే రైలెక్కి సెలవు మీద వెళ్లాడు.

ఆ రోజు మధ్యాహ్నమే కాల్ వచ్చింది. గోల్కొండ మిలటరీ ఆస్పత్రి. ఒక హవల్దార్, రెండు ఊపిరితిత్తులూ పాడయ్యాయి. వెంటనే పంజాగుట్టకు. నేనూ నర్సింగూ బయల్దేరాం. వెళ్లేటప్పుడు బండి ఖాళీ, వేగంగానే పోనిచ్చాను. మాసబ్ ట్యాంక్ దగ్గర బస్సు అడ్డం వచ్చింది. బ్రేకు వేశాను. లాక్ వదల్లేదు. ఇంజిన్ దగ్గి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ కావడానికి మూడుసార్లు తిప్పాల్సి వచ్చింది. ఇక దాని బుద్ధి ఇవాళ ఇదేనని అర్థమైంది.

గోల్కొండలో స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. మిలటరీ డాక్టర్ మేజర్ సాబ్ నర్సింగ్‌కు చెబుతుంటే విన్నాను. ఈయనకు చేత్తో నొక్కే రబ్బరు బ్యాగ్ చాలదు, మిషన్ మీదే ఉండాలి, మిషన్ నిమిషం ఆగినా గుండె ఆగుతుంది. నేను ముందుకు వెళ్లి సెల్యూట్ చేశాను.

"సర్, పది నిమిషాలు ఇవ్వండి. కిందికి దూరి లాక్ వైరు పీకాలి."

"పది నిమిషాలా? పిచ్చెక్కిందా నీకు? బండి నడుస్తోందా లేదా?"

"నడుస్తోంది సర్, కానీ..."

"నడిస్తే పో!"

హవల్దార్ భార్య నా పక్క సీట్లో ఎక్కింది. విజయనగరం వైపు మనిషి. ముప్పై కూడా ఉండవు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో ఆయన దుప్పటి, ఫ్లాస్కు. వెనక ఎక్కనివ్వరు, అది రూలు. కూర్చుంటూనే అడిగింది.

"అన్నయ్యా, ఎంతసేపు పడతాది?"

"అరగంట పట్టదమ్మా. భయపడకు."

నాకున్న దారి ఒక్కటే. గేరు లీవరు రెండులో పెట్టి ఉంచితే లాక్ పడదు, అది టాప్ గేరులోనే పడుతుంది. కానీ రెండో గేరులో ఆ బరువు బండి నలభై ఐదు దాటదు. ఇంజిన్ మాత్రం గొంతు చించుకుంటుంది. టాప్‌లో వేస్తే వేగం వస్తుంది, లాక్ కూడా పడుతుంది. ఆ తర్వాత ఎవడు అడ్డమొచ్చినా ఇంజిన్ ఆగుతుంది, మిషన్ ఆగుతుంది, ఆయన ఆగిపోతాడు. లీవరు రెండులోకి లాగాను. చేయి దాని మీదినుంచి తీయలేదు.

మెహిదీపట్నం దాటాం. సైరన్ మోగుతోంది. స్కూటర్లు మమ్మల్ని దాటి పోతున్నాయి. ఆమె మీటరు వైపు చూసింది, నా వైపు చూసింది.

"అన్నయ్యా, కొంచెం తొందరగా పోనీ."

"పోనిస్తున్నానమ్మా."

"ఆటోలు దాటి పోతన్నాయి అన్నయ్యా!"

"వేగం పెంచితే బండి ఆగిపోద్ది తల్లీ. ఆగితే లోపల మిషన్ ఆగిపోద్ది. అందుకే."

ఆమె నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? వేగంగా పోతే ఆగిపోయే బండి గురించి ఎవరైనా విన్నారా? అందులోనూ ఇంజిన్ చూస్తే ఆకాశం బద్దలయ్యేలా అరుస్తోంది. లాక్, వాల్వు, ఆయిల్, ఏ ముక్క చెప్పను, మొగుడి ఊపిరి వెనక గోడ అవతల కొట్టుకుంటున్న మనిషికి? మీట నొక్కి వెనక్కి అడిగాను.

"ఎట్లున్నడు?"

"మిషన్ నడుస్తుంది. ఆక్సిజన్ పడిపోతుందన్నా. జర జల్ది, కానీ ఇంజిన్ బంద్ చెయ్యకు. దండం పెడ్త, బంద్ చెయ్యకు."

అందులో మొదటి సగమే ఆమెకు వినబడింది. మాసబ్ ట్యాంక్ దాటి బంజారా హిల్స్ రోడ్డు ఎక్కాం. రోడ్డు ఖాళీ. నిజంగా ఖాళీ. టాప్‌లో వేస్తే ఎనభై పోవచ్చు. నా అరచేయి చెమటకు లీవరు మీద జారుతోంది. అంత ఆశ నాకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు. వెయ్యలేదు. ఆమె ఏడుస్తూ ఒక్కసారిగా అరిచింది.

"నీ సొంత మనిషైతే ఇలాగే నడుపుతావా? చెప్పు! నీ తమ్ముడే వెనకాల ఉంటే ఇలాగే నడుపుతావా?"

అన్నయ్య అనలేదు. ఆ తర్వాత ఇక ఎప్పుడూ అనలేదు. నేను రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు. ఒక సందులోంచి నీళ్ల ట్యాంకర్ సగం బయటికి వచ్చింది. గట్టిగా బ్రేకు వేశాను. బండి ఊగి నిలబడింది. ఇంజిన్ ఆగలేదు. స్పీకర్‌లో మిషన్ శబ్దం వినిపిస్తోంది, ఒకటి లోపలికి, ఒకటి బయటికి. టాప్‌లో ఉంటే ఆయన అక్కడే పోయేవాడు. ఆ మాట ఆమెతో అనబోయాను. ఆమె ట్యాంకర్‌ను తిడుతోంది.

పంజాగుట్ట చౌరస్తాలో కానిస్టేబుల్ నన్ను గుర్తుపట్టి నాలుగు వైపులా ఆపేశాడు. "పో భాయ్, ఫికర్ చెయ్యకు, పో!" అని అరిచాడు. ఆస్పత్రి గేటులోకి వెళ్లేవరకూ ఇంజిన్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఆయన్ను ఊపిరితో అప్పగించాం. నర్సింగ్ దిగి, నా భుజం మీద చేయి వేసి, "దించినం అన్నా, సల్లగ దించినం" అన్నాడు. ఆమె స్ట్రెచర్ వెంట పరుగెత్తింది. వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు పొద్దున ఇన్‌స్పెక్షన్ బాగా జరిగింది. బండి చాలా శుభ్రంగా ఉందని పెద్దసాబ్ మెచ్చుకున్నాడట. అదే పూట ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. హవల్దార్ పోయాడు.

శవాన్ని విజయనగరం పంపే ఏర్పాట్లు చూడ్డానికి సుబేదార్ సాబ్‌తో నేనూ వెళ్లాను. వరండాలో ఆమె, ఆమె అన్నదమ్ములు ఉన్నారు. నన్ను చూడగానే లేచింది.

"ఈయనే. ఈ డ్రైవరే. ఖాళీ రోడ్డు మీద నడకలాగ నడిపాడు. బండిని గట్టిగా తోలుంటే ఆయన బతికుండేవాడు."

అన్నదమ్ములు నా వైపు చూశారు. నేను సుబేదార్ సాబ్ వైపు చూశాను. ఆయనకు తెలుగు రాదు. కానీ ఆమె వేలు ఎవరి వైపు చూపిస్తోందో తెలుసుకోడానికి భాష అక్కర్లేదు. స్విచ్ ఎవరు తీయమన్నారో కూడా ఆయనకు తెలుసు. తల వంచుకుని టోపీ సర్దుకున్నాడు. మాట్లాడితే అక్కడే మాట్లాడాలి. సైన్యంలో సుబేదార్ ముందు నాయక్ అలా మాట్లాడడు. మాట్లాడినా ఆమె భర్త లేచి రాడు. "క్షమించమ్మా" అని చేతులు జోడించాను. నేను ఏ తప్పూ చేయలేదు. ఇవాళ అడిగినా అదే చెబుతాను, అదే గేరులో నడుపుతాను. అయినా ఆ మాటే వచ్చింది నోట్లోంచి.

మెకానిక్ సెలవు నుంచి వచ్చి స్విచ్ మళ్లీ పెట్టాడు. సుబేదార్ సాబ్ ఈసారి శాంక్షన్‌కు రాశాడు. కొన్నాళ్లకు కొత్త వాల్వు వచ్చింది, మిషన్‌కు కొత్త బ్యాటరీ కూడా వచ్చింది. తర్వాత చాలామందిని ఆ దారినే చేర్చాం. బతికినవాళ్లు నాకు చేయి ఊపేవారు. అక్కడ నా పోస్టింగు గడువు పూర్తయింది. అమీర్‌పేట సందులోంచి ట్రంకు మోసుకుని బయటికి వస్తుంటే ఎవరో కుర్రాడు, "అన్నా, రూమ్ ఖాళీ చేస్తున్నవా, ఎంత కిరాయి?" అని అడిగాడు. చెప్పి వచ్చేశాను. ఇంకో రెండు పోస్టింగులు చేసి, పెన్షన్ తీసుకుని, ఇక్కడికి వచ్చి మీ మధ్య ఉంటున్నాను. ఇక్కడ మీరంతా నన్ను పేరు పెట్టి పిలుస్తారు. సంతోషమే.

అయినా ఒకటి మాత్రం నన్ను వదలడం లేదు. ఆ మధ్యాహ్నం ఆయన్ను అప్పగించాక బండిని ఆస్పత్రి గోడ పక్కన పెట్టి, తుడుద్దామని ఆమె కూర్చున్న వైపు తలుపు తీశాను. కింద పరిచిన రబ్బరు మ్యాట్ అక్కడ లేదు. నలిగి, మడతలు పడి, ముందు రేకుకు ఆనుకుని కుప్పగా ఉంది. దాని మీద ఆమె కుడికాలి చెప్పు, పట్టీ తెగి ఉంది. గోల్కొండ నుంచి పంజాగుట్ట దాకా ఆమె కూడా బండి నడిపింది. తన వైపు లేని యాక్సిలరేటర్‌ను, కాలి బలమంతా పెట్టి, తొక్కుతూనే ఉంది.